బ్యూరెట్‌ను ఫోన్‌లోనే చూశాను: విద్యార్థుల ఉత్తరాలకు జవాబులు

కరోనా వల్ల 2020 మార్చిలో మూతపడిన తెలంగాణ కళాశాలలు 2021 ఫిబ్రవరి 1న తెరుచుకున్నాయి, రెండు నెలలైనా నిండకముందే మార్చి 24న మళ్లీ మూతపడ్డాయి. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి విద్యార్థులు మరోసారి తరగతి గదుల్లో కూర్చున్నారు. అప్పుడు మా శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఈ తిరిగి రావడం గురించే ఉన్నాయి కాబట్టి, మిగతా ప్రశ్నలను తరువాతి సంచికకు ఉంచి, వీటికే జవాబులు రాశాను.

ప్రశ్న: మాది ఏటూరునాగారం దాటిన తరువాత వచ్చే ఒక చిన్న ఊరు. హనుమకొండలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మొదటి సంవత్సరం పాఠాలన్నీ మా డాబా మీద, సిగ్నల్ దొరికే ఒకే ఒక మూలన కూర్చుని ఫోన్‌లో విన్నాను. ప్రాక్టికల్స్ వీడియోలు చూసి, స్నేహితుడు పంపిన ఫొటోల నుంచి రికార్డు రాశాను. మార్కులు బాగానే వచ్చాయి. మొన్న ల్యాబ్‌లో టైట్రేషన్ (ఒక ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపి మరో ద్రావణం గాఢత కనుక్కోవడం) చేయమంటే బ్యూరెట్ (గీతలున్న పొడవాటి గాజు గొట్టం) నాబ్ ఎటు తిప్పాలో తెలియక నిలబడిపోయాను, పక్కనున్నవారు నవ్వారు. అప్పటినుంచి ప్రాక్టికల్స్ ఉన్న రోజు కాలేజీకి వెళ్లడం లేదు. మొదటి సంవత్సరం నాకు నిజంగా వచ్చినట్టా, రానట్టా?
— డిగ్రీ విద్యార్థి, ములుగు జిల్లా

జవాబు: పాఠం కొంత వచ్చింది, ప్రయోగం రాలేదు. ఇందులో మీరు సిగ్గుపడవలసింది ఏమీ లేదు. చెరువు గట్టు మీద కూర్చుని ఎంత శ్రద్ధగా చూసినా ఈత రాదు, నీళ్లలోకి దిగాలి. మిమ్మల్ని ఏడాదిన్నరపాటు ఎవరూ నీళ్లలోకి దిగనివ్వలేదు. డాబా మీద ఎండలో కూర్చుని పాఠాలు విన్న విద్యార్థికి శ్రద్ధ లేదని నేను అనలేను. అయితే ప్రాక్టికల్స్ రోజున గదిలో ఉండిపోవడం మాత్రం మీరు చేస్తున్న పని, దాన్ని ఈ వారమే ఆపాలి. ఒక్కో ల్యాబ్ తప్పించుకున్నకొద్దీ తరువాతి ల్యాబ్ గడప దాటడం మరింత కష్టమవుతుంది.

నా సంగతి ఒకటి చెబుతాను. 1969 తెలంగాణ ఉద్యమంలో నెలల తరబడి కాలేజీలు నడవలేదు, మా తరం విద్యార్థుల చదువులో ఒక సంవత్సరం పోయింది. మళ్లీ తరగతులు మొదలైనప్పుడు నాకు లాగరిథం పట్టిక చూడడం పూర్తిగా మరుపుకు వచ్చింది. రసాయనశాస్త్రం లెక్కలన్నీ ఆ పట్టికతోనే చేయాల్సిన రోజులవి. పది రోజులు పక్కవాడి జవాబు చూసి రాశాను. పదకొండో రోజు మా లెక్చరర్ నా పుస్తకం తీసి, జవాబు సరిగ్గా ఉండి మధ్యలో మెట్లు లేకపోవడం గమనించి, అందరూ వెళ్లేదాకా ఆగి, పట్టిక నా ముందు పెట్టారు. నేర్చుకోవడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంట కోసం నేను పది రోజులు భయపడ్డాను. తరువాత ముప్పై ఏళ్లకు పైగా రసాయనశాస్త్రమే బోధించిన నాకు, మీ ఉత్తరంలోని భయం చాలా దగ్గరిదిగా అనిపించింది.

ఇక బ్యూరెట్ సంగతి. వీడియోలో సరిగ్గా కనిపించని విషయాలు కొన్ని ఉన్నాయి, అవి రాస్తాను. ల్యాబ్‌కు వెళ్లే ముందు ఒకసారి చదువుకోండి. బ్యూరెట్‌ను ముందు నీళ్లతో, తరువాత అందులో పోయబోయే ద్రావణంతోనే కొద్దిగా కడగాలి, లేకపోతే లోపల మిగిలిన నీటితో ద్రావణం పలచబడుతుంది. శాంకవ కుప్పెను (కోనికల్ ఫ్లాస్క్) మాత్రం స్వేదన జలంతోనే కడగాలి. దాన్ని ద్రావణంతో కడిగితే గోడలకు అంటుకున్న కాస్త ద్రావణం కూడా లెక్కలోకి వచ్చి పాఠ్యాంకం (రీడింగ్) తప్పుతుంది. నీళ్లు మిగిలితే నష్టం లేదు, ఎందుకంటే పిపెట్‌తో (ద్రావణాన్ని కొలిచి పోసే సన్నని గాజు గొట్టం) మనం వేసిన పదార్థం అంతే ఉంటుంది. ఈ రెండింటికీ తేడా ఎందుకో అర్థమైన విద్యార్థికి టైట్రేషన్ సగం వచ్చినట్టే. బ్యూరెట్ నింపిన తరువాత గరాటు తీసేయాలి, లేకపోతే దాని నుంచి జారిన చుక్క పాఠ్యాంకాన్ని చెడగొడుతుంది. నాబ్ కింద మొనలో గాలి బుడగ ఉంటే ఒక్కసారి నాబ్ పూర్తిగా తిప్పి ద్రావణాన్ని వదిలితే అది బయటికి పోతుంది.

నాబ్‌ను ఎడమచేత్తో, వేళ్లు బ్యూరెట్ వెనుక నుంచి చుట్టి పట్టుకోవాలి. కుడిచేతితో కుప్పెను గుండ్రంగా తిప్పుతూ ఉండాలి. మొదట్లో రెండు చేతులూ రెండు పనులు చేయనంటాయి, అందరికీ అంతే. కన్ను ద్రవమట్టానికి సరిగ్గా ఎదురుగా ఉంచి, రంగులేని ద్రావణమైతే వంపు అడుగు అంచును, పర్మాంగనేట్ లాంటి ముదురు రంగు ద్రావణమైతే పై అంచును చదవాలి. 50 మిల్లీలీటర్ల మామూలు బ్యూరెట్‌లో ఒక్కో చిన్న గీత 0.1 మిల్లీలీటరు. ఆమ్లం కుప్పెలో, క్షారం బ్యూరెట్‌లో ఉండి, సూచిక (రంగు మారి ముగింపు తెలిపే పదార్థం) ఫినాఫ్తలీన్ అయితే, మాయమవకుండా నిలిచే లేత గులాబీ రంగు దగ్గర ఆగాలి. ముదురు గులాబీ వచ్చిందంటే చుక్కలు దాటిపోయాయి. కుప్పె కింద తెల్ల కాగితం పెట్టుకుంటే ఆ లేత రంగు త్వరగా పట్టుబడుతుంది. పిపెట్‌ను నోటితో పీల్చడం ఎప్పుడూ మంచిది కాదు, రబ్బరు బల్బు అడగండి. పిపెట్ చివర మిగిలే చుక్కను ఊదకూడదు, మొనను కుప్పె గోడకు ఆనిస్తే చాలు, ఆ మిగిలే చుక్కను లెక్కలోకి తీసుకునే పిపెట్ తయారుచేస్తారు.

మొదటి సంవత్సరం రికార్డు తెరిచి, ఒక కాగితం మీద మీ చేత్తో చేయని ప్రయోగాల పేర్లు రాయండి. లవణ విశ్లేషణ ఉంటుంది, నైట్రేట్‌కు గోధుమరంగు వలయం పరీక్ష ఉంటుంది, ఇంకా నాలుగైదు తేలుతాయి. ఆ కాగితం పట్టుకుని మీ లెక్చరర్ దగ్గరికి వెళ్లి, “సార్, ఇవి నేను కాపీ చేసి రాశాను, చేయలేదు, ఒక్కసారి చేసే అవకాశం ఇవ్వండి” అని అడగండి. కాపీ చేశానని ఒప్పుకోవడానికి మీరు భయపడతారని తెలుసు. ఆ సంవత్సరం రికార్డులు ఎలా రాశారో మీ లెక్చరర్లకు తెలియనిది కాదు. ఇంకొక మాట: ఆ రోజు నవ్వినవారిలో ఎంతమంది నిజంగా బ్యూరెట్ పట్టారో నాకు అనుమానమే. ఒకరిద్దరిని మీతో పాటు ల్యాబ్ అటెండర్ ఉండే సమయానికి పిలవండి, వస్తారు.

ప్రశ్న: మా అమ్మాయికి 2020 చివర్లో ఇంజినీరింగ్‌లో సీటు వచ్చింది. మొదటి ఏడాది ఇంట్లోనే చదివింది. ఇప్పుడు హనుమకొండ నైంనగర్‌లో మరో ఇద్దరు అమ్మాయిలతో గదిలో ఉంటోంది. రోజూ రాత్రి ఫోన్ చేసి ఏడుస్తోంది, క్లాసులో ఎవరూ తెలియదంటుంది, ఇంటికి వచ్చేస్తానంటుంది. బతుకమ్మ సెలవులకు వచ్చాక మళ్లీ వెళ్లనంటే ఏం చేయాలి? వాళ్ల నాన్న గట్టిగా మందలించాలంటున్నారు.
— ఒక తల్లి, పరకాల

జవాబు: అమ్మా, మీ అమ్మాయి రెండో సంవత్సరంలో ఉందని కాగితాలు చెబుతున్నాయి కానీ, కాలేజీకి కొత్తగా వచ్చిన పిల్ల ఆమె. మామూలు రోజుల్లో ఇంటర్ అయ్యాక వచ్చే మొదటి నెలలోనే పిల్లలు ఈ ఏడుపు ఏడుస్తారు, అప్పుడు పైతరగతివారూ తోటివారూ అందరూ దాన్ని అర్థం చేసుకుంటారు. మీ అమ్మాయికి ఆ ఏడుపు ఏడాది ఆలస్యంగా వచ్చింది, అంతవరకే తేడా. కాబట్టి మందలింపు వద్దని వాళ్ల నాన్నగారికి నా మాటగా చెప్పండి. ఏడాదిన్నర ఇంట్లో మీ చేతివంట తిని, మీ పక్కన కూర్చుని చదివిన పిల్లకు, ముగ్గురు పడుకునే గదిలో తన పుస్తకాలకు మూల వెతుక్కోవడం చిన్న మార్పు కాదు.

సెలవుల్లో ఇంటికి వచ్చిన మొదటి రెండు మూడు రోజులు చదువు మాట ఎత్తకండి. తంగేడు, గునుగు తెచ్చి బతుకమ్మ పేర్చనివ్వండి, నలుగురితో ఆడనివ్వండి. సద్దుల బతుకమ్మ అయ్యాక, దసరా మరుసటి రోజు, ఒక్కటే అడగండి: క్లాసులో ఏ గంట అన్నిటికంటే కష్టంగా గడుస్తోంది? జవాబు పాఠం గురించి వస్తే ఒక దారి, మనుషుల గురించి వస్తే వేరే దారి. లెక్కలో, ప్రోగ్రామింగో అర్థం కాకపోతే సబ్జెక్టు లెక్చరర్‌తో మాట్లాడాలి, మొదటి ఏడాది పుస్తకం మళ్లీ తీయాలి. తినేటప్పుడు ఒంటరిగా ఉంటోందంటే, వారాంతం ప్రతిసారీ ఇంటికి రావడం తగ్గించి, ఒక శనివారం ఆగి ఒక శనివారం వచ్చేలా ఒప్పందం చేసుకోండి. ఆగిన శనివారం గదిలోని ఇద్దరితో కలిసి భద్రకాళి గుడికో, వేయిస్తంభాల గుడికో వెళ్లమనండి. స్నేహాలు క్లాసులోకంటే బస్టాప్ దగ్గరా, టిఫిన్ బండి దగ్గరా ఎక్కువ పెరుగుతాయని నేను చూశాను.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. నిద్ర పూర్తిగా పోయినా, తిండి మానేసినా, బతికి ఏం లాభం అన్న మాట ఒక్కసారి నోటి వెంట వచ్చినా, సెలవులు అయిపోయేదాకా ఆగకుండా డాక్టర్‌కు చూపించండి. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం (2021లో ‘కిరణ్’, ఇప్పుడు ‘టెలి మానస్’) 14416 నంబరుకు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. మీరు కూడా చేయవచ్చు, అమ్మాయే చేయాలని లేదు.

ప్రశ్న: నేను ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. 2020లో పదో తరగతి కొన్ని పేపర్లు రాయగానే పరీక్షలు ఆగిపోయాయి, అందరినీ పాస్ చేశారు. ఇంటర్ మొదటి ఏడాది పరీక్షలు లేకుండానే రెండో ఏడాదికి పంపారు. ఇప్పుడు 2021 అక్టోబరు 25 నుంచి మొదటి సంవత్సరం పరీక్షలు రాయాలంటున్నారు. గంట రాస్తే చేయి నొప్పి పుడుతోంది. ఇది న్యాయమేనా?
— విద్యార్థి, మెట్‌పల్లి

జవాబు: న్యాయమా కాదా అన్న మీ ప్రశ్నలో బాధ ఉంది, దాన్ని తీసిపారేయను. రెండో ఏడాది పాఠాలు నడుస్తుండగా మొదటి ఏడాది పరీక్ష రాయడం పెద్ద బరువు. అయినా పరీక్ష అసలు రాయకుండా ఇంటర్ దాటడం మీకు మంచిది కాదని కూడా అనుకుంటున్నాను, ఎందుకంటే ముందున్న ప్రవేశ పరీక్షలు మీ వయసు వారందరినీ ఒకే కొలతతో కొలుస్తాయి. ఈ 2021 పరీక్షలకు సిలబస్‌లో 30 శాతం తగ్గించి 70 శాతం నుంచే ప్రశ్నలు ఇస్తామన్నారు కాబట్టి, ముందు తీసేసిన పాఠాల జాబితా కాలేజీలో తీసుకుని పుస్తకంలో గుర్తు పెట్టుకోండి. తీసేసిన పాఠం చదువుతూ గంటలు పోగొట్టుకున్న పిల్లలను ఈ మధ్యే చూశాను.

చేయి నొప్పి గురించి అడిగినవారు మీరొక్కరే కాదు. ఏడాదిన్నర ఫోన్ మీద బొటనవేలు తప్ప పని చేయని చేతికి మూడు గంటలు కలం పట్టే బలం ఒక్కరోజులో రాదు. మొదటి వారం రోజుకు 40 నిమిషాలు, రెండో వారం గంటన్నర, పరీక్షకు ముందు వారం రెండుసార్లు పూర్తిగా మూడు గంటలు, మధ్యలో లేవకుండా రాయండి. కలం గట్టిగా నొక్కకుండా, ముంజేయి మొత్తం బల్ల మీద ఆనించి రాస్తే నొప్పి తగ్గుతుంది. భౌతిక, రసాయన శాస్త్రాల పేపర్లు 60 మార్కులకు మూడు గంటలు, అంటే మార్కుకు మూడు నిమిషాలు. 8 మార్కుల ప్రశ్నకు 24 నిమిషాలు దాటితే ఆపేసి తరువాతి ప్రశ్నకు వెళ్లడం ఇంటి దగ్గరే అలవాటు చేసుకోండి. గణితం 75 మార్కులు కాబట్టి అక్కడ సమయం ఇంకా తక్కువ, మార్కుకు రెండున్నర నిమిషాలైనా రావు. కాపీ చేయడానికి పక్కన ఫోన్ లేకుండా రాసిన మొదటి కాగితం చూసి మీరు నిరుత్సాహపడతారు. ఆ కాగితం పారేయకుండా దాచి, పదిహేను రోజుల తరువాత రాసినదాని పక్కన పెట్టి చూడండి.

ప్రశ్న: మా అబ్బాయి బీకాం చివరి సంవత్సరం. ఆన్‌లైన్ క్లాసుల కాలంలో హార్డ్‌వేర్ దుకాణంలో పనికి కుదిరాడు, నెలకు ఎనిమిది వేలు తెస్తున్నాడు. ఇప్పుడు కాలేజీకి పొమ్మంటే పోనంటున్నాడు. పత్తి ఏరే కాలం కూడా వచ్చింది. నాకు కూడా ఆ డబ్బు అవసరమే. ఏం చెప్పాలో తోచడం లేదు.
— రైతు, జయశంకర్ భూపాలపల్లి జిల్లా

జవాబు: డబ్బు అవసరమని మీరు దాచకుండా రాశారు, అందుకే నేను కూడా సూటిగా రాస్తున్నాను. చివరి సంవత్సరంలో మిగిలింది రెండు సెమిస్టర్లు. ఇప్పుడు వదిలేస్తే గడిచిన రెండేళ్లు కూడా చేతికి రావు, బీకాం పట్టా లేకుండా ఆ దుకాణంలో లెక్కలు రాసే పని సైతం పక్కవాడికి పోతుంది. సాధారణంగా పరీక్షకు కూర్చోవడానికీ, ఫీజు రీయింబర్స్‌మెంట్ అందడానికీ 75 శాతం హాజరు చూస్తారు. కాబట్టి మానేస్తే పోయేది చదువు ఒక్కటే కాదు, ప్రభుత్వం కట్టే ఫీజు మీ మీద పడే ప్రమాదం కూడా ఉంది. దుకాణం యజమానితో మీరే మాట్లాడి, కాలేజీ అయ్యాక సాయంత్రం, ఆదివారం పూర్తిరోజు పని అడగండి. ఎనిమిది వేలు నాలుగు వేలు కావచ్చు, ఆ లోటు ఎనిమిది నెలలే. పత్తికి మాత్రం మీ అబ్బాయిని ఏ ఏ రోజుల్లో పిలుస్తారో ముందే ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి, రేపు పొద్దున రమ్మని ఈ రాత్రి చెప్పడం వల్లే హాజరు పోతుంది. కుటుంబం అసలే గడవని స్థితి వస్తే డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది, అయితే చివరి ఏడాదిలో అటు మారితే మొదటినుంచి మొదలుపెట్టవలసి రావచ్చు. ప్రిన్సిపల్‌ను అడగకుండా ఆ నిర్ణయం తీసుకోవద్దు. కష్టకాలంలో ఇంటికి డబ్బు తెచ్చిన పిల్లవాడు మీ అబ్బాయి, ఆ మాట ముందు చెప్పి తరువాత చదువు మాట చెప్పండి.

ప్రశ్న: నేను డిగ్రీ కాలేజీలో గణితం బోధిస్తాను. ఆన్‌లైన్‌లో కెమెరాలు, మైకులు ఆపేసుకుని ఉన్న పిల్లలు ఇప్పుడు ఎదురుగా కూర్చుని కూడా అలాగే ఉన్నారు. అర్థమైందా అంటే అందరూ తలూపుతారు. రెండో సంవత్సరం సిలబస్ మొదలుపెట్టనా, వెనక్కి వెళ్లనా? వెళితే సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది?
— లెక్చరర్, కరీంనగర్

జవాబు: వెనక్కి వెళ్లండి, అయితే మొదటి ఏడాది మొత్తం తిరగేయవద్దు. ఎంత దూరం వెళ్లాలో పిల్లలు చెప్పరు, కాగితం చెబుతుంది. పేరు రాయనవసరం లేని, మార్కులు లేని పది ప్రశ్నలు ఇవ్వండి. అందులో ఏడు ఇంటర్ స్థాయివి ఉండాలి. అవకలనం, సమాకలనం, మాత్రికల ప్రాథమిక లెక్కలు చాలు. అరగంటలో రాయించి, ఎక్కువమంది ఎక్కడ ఆగారో లెక్కపెట్టండి. నా అంచనా ప్రకారం అంతరం మూడు నాలుగు చోట్లే గట్టిగా ఉంటుంది, దానికి రెండు వారాలు చాలు. ఆ రెండు వారాలు ఖర్చు పెట్టకుండా ముందుకు వెళితే, సిలబస్ రిజిస్టర్‌లో మాత్రమే పూర్తవుతుంది.

“అర్థమైందా” అన్న మాట ఈ ఏడాది మానేయండి. దానికి తలూపడం తప్ప మరో జవాబు పిల్లలకు దొరకదు. “ఈ మూడో మెట్టు నుంచి నాలుగో మెట్టుకు ఎలా వచ్చాం, మీ పక్కవారికి రెండు నిమిషాలు చెప్పండి” అనండి. పక్కవారితో మాట్లాడడానికి భయం తక్కువ. వారం పది రోజుల్లో గది నిండా గుసగుస మొదలవుతుంది, మరో వారానికి అందులో ఒకరు చేయెత్తుతారు. బోర్డు దగ్గరికి ఒక్కరినే పిలవకుండా ఇద్దరిద్దరిని పిలవండి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలను తెలుగులోనే చెప్పనివ్వండి, ఇంగ్లిష్ పదాలు తరువాత కలుపుకోవచ్చు.

మరొక పని కూడా మీరు చేయాలని కోరుతున్నాను. ఈ శీర్షికలో మొదటి ఉత్తరం రాసిన అబ్బాయి ప్రాక్టికల్స్ రోజున మాత్రమే కాలేజీకి రావడం మానేశాడు. మీ హాజరు పట్టీని రోజు శాతం చూసి పక్కన పెట్టకుండా, ఎవరు ఏ రోజున, ఏ గంటకు రావడం లేదో ఒకసారి అడ్డంగా చదవండి. ప్రతి మంగళవారం ఖాళీగా కనిపించే పేరు ఒకటైనా మీకు దొరుకుతుంది. ఆ విద్యార్థిని తరగతిలో అందరి ముందూ అడగకుండా, కారిడార్‌లో ఒంటరిగా ఉన్నప్పుడు ఆపి మాట్లాడండి.